31 వేల కిలోమీటర్లకే డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసి పట్టే ఫిల్టర్) మార్చాలంట, లక్షా అరవై వేలు. నిజమేనా?

నిజాంపేట_నవీన్
బండి 2022 మోడల్, 1.5 డీజిల్, మాన్యువల్, బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణం). తిరిగింది 31,400. ఇల్లు నిజాంపేట, ఆఫీసు మాదాపూర్. రానూ పోనూ రోజుకి 22 కిలోమీటర్లు, దానికి రెండు గంటలు. నెల కింద మీటర్లో చుక్కలున్న డబ్బా బొమ్మ వెలిగింది. ఏదో లైటులే అనుకున్నా. పది రోజులకి చెక్ ఇంజిన్ కూడా వచ్చింది, ఇప్పుడు ఎంత తొక్కినా 2,500 ఆర్పీఎం దాటట్లేదు. జేఎన్‌టీయూ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనకాల ఆటోవాడు హారన్ కొట్టి ఓవర్‌టేక్ చేశాడు.

షోరూంకి ఇస్తే "ఫిల్టర్ చోక్ అయింది సార్, రీజెన్ (లోపలి మసి కాల్చడం) పెట్టాం, ఫెయిలైంది, మార్చాల్సిందే" అని 1,62,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది, అయినా రాదంట. "వాడకం సరిగ్గా లేదు" అని రాసిచ్చారు. ఆఫీసుకి వెళ్ళి రావడం కాక బండి ఇంకెలా వాడతారు? కొనేటప్పుడు ఒక్కడూ చెప్పలేదు.

కారంచట్నీ
రోజుకి 22 కిలోమీటర్లకి డీజిల్ బండి ఎవరు కొనమన్నారు బాబూ

నిజాంపేట_నవీన్
మా మామగారు.

కారంచట్నీ
సరే, ఇక ఏమీ అడగను.

పాత_మల్టీజెట్
నాది 2011 స్విఫ్ట్, 1.3 మల్టీజెట్. 2,41,000 తిరిగింది. టైమింగ్ చైన్ ఒకసారి, క్లచ్ రెండుసార్లు, ఇంజెక్టర్లు ఒకసారి సర్వీసు. హెడ్డు విప్పలేదు. డీపీఎఫ్ లేదు, యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చేయడానికి పోసే యూరియా నీళ్ళు) లేదు, ఏ డబ్బా బొమ్మా లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చింది, మారుతి వాళ్ళు ఏకంగా డీజిలే మానేశారు. చిన్న బండికి ఈ సామానంతా తగిలిస్తే గిట్టుబాటు కాదని వాళ్ళకి ముందే తెలుసు.

ఈవీ_ఈశ్వర్
అందుకే చెప్తా, ఎలక్ట్రిక్

కారంచట్నీ
మొదలైంది. పన్నెండు నిమిషాలు ఆగాడు, గొప్పే.

ఆటోనగర్_మావయ్య
నవీన్ గారూ, తొందరపడి డబ్బు కట్టకండి. బెజవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏడేళ్ళుగా డీజిల్ పనే నాది. బీఎస్ 6 బండి ఒకటైనా ఈ లైటుతో రాని వారం లేదు.

డీపీఎఫ్ అంటే సైలెన్సర్ లైన్లో ఉండే తేనెపట్టు లాంటి జల్లెడ. ఒక గొట్టం ముందు మూసి ఉంటుంది, పక్కది వెనక మూసి ఉంటుంది. పొగ గోడలోంచి దూరి అవతలికి పోవాలి, మసి గోడకి అతుక్కుంటుంది. ఆ మసిని ఎప్పటికప్పుడు కాల్చుకోవాలి, అదే రీజెన్. హైవేలో లోడు మీద పోతుంటే ఆ వేడికి దానంతటదే కొంచెం కొంచెం కాలుతుంది. మీరు మాదాపూర్ ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకుతుంటే సైలెన్సర్ వేడెక్కదు. అప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఏం చేస్తుందంటే, పిస్టన్ కిందికి దిగేటప్పుడు కావాలని ఇంకొంచెం డీజిల్ కొడుతుంది. అది సైలెన్సర్ దాకా పోయి మండి 600 డిగ్రీల దాకా తెస్తుంది. దానికి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. మీరు మధ్యలో ఆఫీసు వచ్చిందని కీ తీసేస్తారు. మర్నాడు మళ్ళీ మొదలు, మళ్ళీ ఆఫీసు.

ఇలా నెలల తరబడి జరిగితే జల్లెడ నిండుతుంది. మార్చక్కర్లేదు, విప్పించి మెషీన్ మీద కడిగిస్తే సరిపోతుంది. పది పదిహేను వేలల్లో అయిపోతుంది.

రేడియేటర్_రమణ
ఇదంతా కాదు, ఈ ఈ20 పెట్రోల్ వచ్చినప్పటి నుంచే బళ్ళన్నీ పాడవుతున్నాయి

ఓబీడీ_పిచ్చోడు
@రేడియేటర్_రమణ వాళ్ళది డీజిల్ బండి. ఈ20 అంటే పెట్రోల్‌లో కలిపే ఇథనాల్. డీజిల్ ట్యాంకులో అది పడిందంటే తప్పు బంకు కుర్రాడిది.

రేడియేటర్_రమణ
ఏదో ఒకటి కలుపుతున్నారుగా

కోకాపేట_కోడలు
నాకూ ఇదే వచ్చింది, లైటు మాత్రమే, ఇంజిన్ లైటు దాకా రాలేదు. మాన్యువల్ పుస్తకం తీసి చదివా (మా ఇంట్లో ఆ పుస్తకం కవరు విప్పింది నేనే). 60 దాటి, ఆగకుండా, లైటు ఆరేదాకా నడపమని రాసుంది. గచ్చిబౌలి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి నాలుగో గేరులో 80 మీద శంషాబాద్ దాకా పోయా. రాజేంద్రనగర్ దాటాక ఆరిపోయింది. ఇప్పుడు రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఇదే పని. మా అత్తగారు గుడికి అనుకుంటారు.

కారంచట్నీ
టోలు, డీజిల్ కలిపి దక్షిణ ఎంతవుతోందండీ

కోకాపేట_కోడలు
లక్షా అరవై కంటే తక్కువే.

లారీ_యాదగిరి
మీ కారోళ్ళకి ఒక్క డీపీఎఫ్‌కే గింత ఏడుపా. మా బండ్లకు దానితోటి యాడ్‌బ్లూ గూడ ఉంటది. పోయిన ఎండకాలం మా డ్రైవర్ నాగపూర్ కాడ డబ్బాకు మూడొందలు తక్కువొస్తుందని రోడ్డు పక్క దుకాణంల పోయించిండు. సీలు మంచిగనే ఉంది, కంపెనీ బొమ్మ గూడ ఉంది. ఆదిలాబాద్ దాటంగనే లైటు. విప్పి చూస్తే నాజిల్ నిండ తెల్లగ ఉప్పు గడ్డ కట్టినట్టు. పంపు, నాజిల్, ట్యాంకు కడిగేది, అన్నీ కలిపి 70 వేలు లేసినయ్. మూడొందలు మిగిలిచ్చిండు కొడుకు.

ఓబీడీ_పిచ్చోడు
అది చాలామందికి అర్థం కాని సంగతి. యాడ్‌బ్లూలో 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్ళు. దాంట్లో ఇంకేమీ ఉండకూడదు. ఈ దొంగ సరుకు చేసేవాళ్ళు పొలం యూరియా బస్తా తెచ్చి బోరు నీళ్ళల్లో కలుపుతారు. మన దేశంలో 2015 నుంచి సబ్సిడీ యూరియా మొత్తం వేపనూనె పూతతోనే వస్తోంది. ఆ నూనె, బోరు నీళ్ళల్లో సున్నం, రెండూ కలిసి నాజిల్‌లోకి. ఆ పైన సబ్సిడీ యూరియా అలా వాడటం నేరం కూడా.

లారీ_యాదగిరి
గదే. మా పొలంకు యూరియా కోసం సొసైటీ కాడ చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డం, ఇక్కడ లారీల పోస్తున్రు.

భీమవరం_బుల్లోడు
ఎందుకండీ ఇంత చర్చ. మా వైపు ఒకాయన ఉన్నాడు, జల్లెడ తీసేసి ఖాళీ గొట్టం వెల్డింగ్ చేసి, ఈసీయూలో ప్రోగ్రాం మార్చేస్తాడు. పాతిక వేలు. మా బావ చేయించాడు, మైలేజీ పెరిగింది, పికప్ చూడాలండీ, ఆయ్.

లీసెస్టర్_శ్రీను
ఆ పని మాత్రం చేయించకండి. ఇక్కడ బ్రిటన్‌లో ఈ గోల మీకంటే పదేళ్ళ ముందే మొదలైంది. తీసేసేవాళ్ళు ఎక్కువైపోయి, 2014 ఫిబ్రవరి నుంచి ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో డీపీఎఫ్ ఉండాల్సిన బండికి అది లేకపోతే ఫెయిల్ చేస్తున్నారు. నా పాత బండి కొన్నప్పుడు ముందాయన అదే పని చేయించి ఉన్నాడు. తిరిగి పెట్టించడానికి బండి ధరలో సగమైంది.

భీమవరం_బుల్లోడు
మనకి ఆ ఎంఓటీ లేదు కదండీ. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి మీకు తెలియంది కాదు.

ఆటోనగర్_మావయ్య
బుల్లోడు గారూ, సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టండి. మీ బావగారి బండి వెనక స్కూటర్ మీద ఎవరి పిల్లో వెళ్తూ ఉంటుంది. ఆ మసి కంటికి కనిపించదు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నా కొట్లో ఆ పని చెయ్యను. అడిగినవాళ్ళని పంపించేశాను. వారంటీ పోతుంది, రేపు ఏదన్నా అయితే ఇన్సూరెన్సువాడు ఇంజిన్ మార్చారని మెలిక పెడతాడు.

భీమవరం_బుల్లోడు
సరేనండీ, చెప్పడం వరకే నేను. కోప్పడకండి.

పాత_మల్టీజెట్
మరి నా బండికి జల్లెడే లేదు. నా వెనక వచ్చే పిల్ల సంగతేంటి మావయ్యా?

ఆటోనగర్_మావయ్య
నువ్వు కాస్త వెనకగా నడుపుకో నాయనా, అందరి వెనక.

ఓబీడీ_పిచ్చోడు
నవీన్, మావయ్య గారితో ఒక్క చోట విభేదిస్తున్నా. కడిగించే ముందు, నిజంగా నిండిందా లేదా అన్నది ఎవరైనా చూశారా? జల్లెడ నిండిందని ఈసీయూకి చెప్పేది ఒక చిన్న సెన్సార్. దానికి రెండు రబ్బరు పైపులు. ఒకటి జల్లెడ ముందు, ఒకటి వెనక. రెండింటి మధ్య ఒత్తిడి తేడా కొలుస్తుంది. సెన్సార్ అబద్ధం చెప్తే జల్లెడ ఖాళీగా ఉన్నా ఈసీయూ నిండిందనే నమ్ముతుంది. 31 వేలకి పూర్తిగా చోక్ అవ్వడం జరగనిదేమీ కాదు, కానీ నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

రెండు పనులు చెయ్యి. ఒకటి, బండి చదునుగా ఉన్నచోట పెట్టి, చల్లారాక ఆయిల్ గేజి తీసి ఫోటో పెట్టు. రెండు, పన్నెండు వందలకి బ్లూటూత్ ఓబీడీ ముక్క దొరుకుతుంది, బండికి తగిలిస్తే సెన్సార్ల లెక్కలు ఫోన్‌లో కనిపిస్తాయి. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, డీపీఎఫ్ ప్రెషర్ ఎంత చూపిస్తోందో చూడు.

నిజాంపేట_నవీన్
ఆయిల్ గేజి చూశా. పై గీత కంటే వేలెడంత పైన ఉంది! మంచిదే కదా? ఆయిల్ తాగట్లేదని.

ఆటోనగర్_మావయ్య
మంచిది కాదు. బండి నడపొద్దు. ఆ వేలెడంత ఆయిల్ కాదు, డీజిల్.

కోకాపేట_కోడలు
వాసన చూడండి. నాది అలాగే అయింది. టిష్యూ మీద వేస్తే బంకు వాసన.

నిజాంపేట_నవీన్
అవును. డీజిల్ వాసనే. ఎలా వెళ్ళింది లోపలికి??

ఓబీడీ_పిచ్చోడు
పైన మావయ్య చెప్పింది మళ్ళీ చదువు. రీజెన్ కోసం పిస్టన్ కిందికి పోయేటప్పుడు డీజిల్ కొడుతుంది అన్నారు కదా. అందులో కొంత సిలిండర్ గోడలకి తగిలి, రింగుల పక్కనుంచి జారి కింద ఆయిల్లో కలుస్తుంది. రీజెన్ పూర్తికాక పదేపదే మొదలైతే ప్రతిసారీ కొంచెం. ఆయిల్ పల్చబడితే బేరింగులకి, టర్బోకి పట్టు ఉండదు. షోరూంవాళ్ళు గేజి తీసి చూసి ఉంటే అప్పుడే తెలిసేది.

రాయచోటి_రెడ్డి
గేజి పైన ఉంటే ఏమైతాదో నేను కళ్ళారా చూసినా. మా స్నేహితునిది పెద్ద బండి, ఇట్లే ఆయిల్ పెరిగిపోయుండాది, పట్టించుకోలే. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతాంటే ఉన్నట్టుండి తెల్లపొగ, ఇంజిన్ రయ్యిమని అరిచేసింది. కీ తీసేసినాడు. ఆగలే! కీ చేతిలో ఉంది, ఇంజిన్ 5,000 మీద అరస్తానే ఉంది. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టంలోంచి గాలి దారిలోకి పోయి, దాన్నే తాగి నడస్తాంది. డీజిల్ ఆపేసినా దానికేం పనప్పా, తిండి వేరే దొరికింది కదా.

అయిదో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేయమని నేను అరిచినా. ఎగిరి ఆగిపోయింది. టర్బో పోయింది, రెండు పిస్టన్లు పోయినాయి. మనుషులు మిగిలినారు.

కారంచట్నీ
ఆటోమేటిక్ బండైతే?

రాయచోటి_రెడ్డి
దిగి పరిగెత్తు.

ఆటోనగర్_మావయ్య
రెడ్డి గారు చేసింది సరైన పని. ఆటోమేటిక్‌కి గాలి దారి మూయాలి, కానీ ఆ కంగారులో చెయ్యి పెడితే చెయ్యే పోతుంది. దూరం జరగడమే మేలు.

నవీన్ గారూ, షోరూంవాళ్ళు ఈ ఆయిల్‌తోనే బండి నిలబెట్టి రీజెన్ పెట్టారంటే మీ అదృష్టం బాగుంది. ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పుస్తకంలో ఏ గ్రేడు రాసుంటే అదే, ముఖ్యంగా ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ3 అనో సీ2 అనో ఉంటే డబ్బా మీద అదే అక్షరం ఉండాలి. మసి కాలిపోతుంది, ఆయిల్లోంచి వచ్చే బూడిద కాలదు, జల్లెడలో అలాగే పడి ఉంటుంది. ఆ గ్రేడు ఆయిల్లో బూడిద తక్కువ. లారీలకి పోసే ఆయిల్ చవకని పోస్తే మీరే జల్లెడ నింపుకున్నట్టు.

నిజాంపేట_నవీన్
బండిని టో చేయించి మియాపూర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గర పెట్టా. ఆయిల్ మార్చాం. దించితే 5.9 లీటర్లు వచ్చింది, పుస్తకంలో 5.3 అని ఉంది. ఓబీడీ ముక్క రేపు వస్తుంది.

ఈవీ_ఈశ్వర్
నా బండికి ఆయిలే ఉండదు. ఊరికే చెప్తున్నా.

పాత_మల్టీజెట్
శ్రీశైలం ఘాట్‌లో చార్జింగ్ అయిపోయి ఆగిన ఫోటో పెట్టింది మీరే కదా పోయిన దసరాకి

ఈవీ_ఈశ్వర్
అది వేరే థ్రెడ్.

చిత్తూరు_మురళి
నా కేసు వేరు, కానీ లైటు ఇదే. రీజెన్ అసలు మొదలే కాదు. హైవేలో బెంగళూరు దాకా పోయినా ఆరదు. ఇద్దరు మెకానిక్‌లు డీపీఎఫ్ అన్నారు. మూడో ఆయన టెంపరేచర్ ముల్లు చూపించాడు. సగానికి రాకుండా కిందే ఉంటుంది, నేను ఇంజిన్ చల్లగా ఉందని సంతోషపడుతున్నా. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందట. ఇంజిన్ వేడెక్కకపోతే ఈసీయూ రీజెన్‌కి ఒప్పుకోదు. 2,800 రూపాయల ముక్క. మార్చిన మర్నాడే పలమనేరు దాటేలోపు లైటు ఆరింది.

గేర్_గోపి
మంచి పాయింట్. ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) మసితో ఇరుక్కున్నా, ఇంజెక్టర్ కారుతున్నా అంతే. మసి ఎక్కువ తయారవుతుంది, జల్లెడ తొందరగా నిండుతుంది. జల్లెడ కడిగించి జబ్బు వదిలేస్తే మూడు నెలల్లో మళ్ళీ వస్తారు.

ఇంజెక్టర్ మాట వచ్చింది కాబట్టి, బానెట్ తీస్తే ఇంజెక్టర్ చుట్టూ నల్లగా తారు లాంటిది పేరుకుని, చుఫ్ చుఫ్ అని శబ్దం వస్తుంటే అది కింద ఉండే రాగి వాషర్ లీకు. పదుల రూపాయల వాషర్. ఆలస్యం చేస్తే ఇంజెక్టర్ హెడ్డులో అతుక్కుపోయి బయటికి రాదు. ఎప్పుడు ఇంజెక్టర్ విప్పినా వాషర్ కొత్తదే వేయమనండి, పాతది తిప్పి వేసేవాళ్ళు ఉన్నారు.

రాయచోటి_రెడ్డి
డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు దింపే స్క్రూ కూడా. వానాకాలంలో నెలకోసారి దింపుతా నేను. కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టం) ఒత్తిడి 1,600 బార్ పైన ఉంటాది, ఆ నాజిల్‌లోకి నీటి బొట్టు పోతే ఇంక చూసుకో.

ఇంకొకటి. రీజెన్ జరగతాన్నప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ఉలవల కట్టె మీద బండి ఆపొద్దండి. మామూలుగానే అది కింద చుట్టుకుంటాది. సైలెన్సర్ అంత వేడి మీద ఉంటే అంటుకుంటాది.

నిజాంపేట_నవీన్
ఓబీడీ వచ్చింది. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్: 38 మిల్లీబార్. స్టార్ట్ చేసి ఐడిల్‌లో: 44.

ఓబీడీ_పిచ్చోడు
దొరికింది! ఇంజిన్ ఆగి ఉంటే గాలే కదలదు, సున్నా చూపించాలి, ఒకటీ అరా తేడా ఉన్నా సరే. ఇది 38 చూపిస్తోంది. 44లోంచి 38 తీసేస్తే ఆరు. ఐడిల్‌లో ఆరంటే జల్లెడ బాగానే ఉన్నట్టు. నీ సెన్సార్ కాటాలో బాటు ముందే వేసి తూస్తోంది. జల్లెడ నిండిందనుకుని ఈసీయూ రోజూ రీజెన్ పెడుతోంది, నువ్వు రోజూ మధ్యలో ఆపేస్తున్నావు, డీజిల్ ఆయిల్లోకి.

ఆటోనగర్_మావయ్య
ఒప్పుకుంటున్నా, నేను ముందే కడిగించమన్నా. మీకు పన్నెండు వేలు దండగ చేయించేవాణ్ణి. సెన్సార్ మార్చే ముందు ఆ రెండు పైపులు కూడా చూడండి, ఎలుక కొరికినవి చాలా చూశాను. సెన్సార్ మార్చాక స్కానర్‌తో పాత లెక్క చెరిపించాలి, లేకపోతే కొత్తది పెట్టినా పాత మాటే నమ్ముతుంది.

నిజాంపేట_నవీన్
సెన్సార్ 4,600, పైపులు బాగానే ఉన్నాయి, లెక్క చెరపడానికి మెకానిక్ 800 తీసుకున్నాడు. ఇప్పుడు కీ ఆన్‌లో సున్నా. ఈ రోజు పొద్దున మేడ్చల్ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి ఘట్‌కేసర్ దాకా పోయా. లైట్లు రెండూ లేవు. ఐడిల్‌లో 5. ఆయిల్ మళ్ళీ వెయ్యి కిలోమీటర్లకి చూస్తా.

షోరూంకి ఫోన్ చేసి, సెన్సార్ వారంటీలో రాదా అని అడిగా. బయట మార్చారు కాబట్టి రాదన్నారు. మొన్న పెట్టిన రీజెన్‌కి 3,500 తీసుకున్నారు కదా, గేజి ఎందుకు చూడలేదు అంటే "మేనేజర్ గారు లంచ్‌లో ఉన్నారు". రెండు రోజుల నుంచి లంచే.

గేర్_గోపి
ఫోన్‌లో కాదు, మెయిల్ పెట్టు. పాత సెన్సార్ పారేయకు, ఆ 38 రీడింగ్ ఫోటో తేదీతో సహా పెట్టు. ఎస్టిమేట్ కాగితం ఉందిగా.

లారీ_యాదగిరి
పాత సెన్సార్ మాత్రం ఆళ్ళ చేతిల పెట్టకు అన్నా. ఫోటోనే సూపెట్టు.

కోకాపేట_కోడలు
సెన్సార్ బాగైనా మీ 22 కిలోమీటర్లు అలాగే ఉన్నాయి నవీన్ గారూ. ఆదివారం ఆరింటికి రండి, శంషాబాద్‌లో ఇడ్లీ బాగుంటుంది.

నిజాంపేట_నవీన్
మామగారిని తీసుకొస్తా. టోలు ఆయన కడతారు.

కొత్త_సభ్యుడు_417
నాకూ సేమ్ లైటు వచ్చింది, 40 వేలు తిరిగింది, షోరూంలో లక్షన్నర అంటున్నారు. థ్రెడ్ చాలా పెద్దగా ఉంది, చదవలేదు. ఒక్క ముక్కలో చెప్పండి, కట్టేయనా?

కోకాపేట_కోడలు
ఆగండి. బండి ఆపి పది నిమిషాలయ్యాక ఆయిల్ గేజి తీసి ఫోటో పెట్టండి ముందు.